యాప్‌లో సగం ఇల్లు మీదే.. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఎవరిది? షేర్డ్ ఓనర్‌షిప్ యాప్‌ల వెనుక అసలు లెక్క ఇదీ

ఇల్లు కొనాలంటే కోటి రూపాయలు కావాలి. మరి అదే ఇంట్లో పదో వంతో, వందో వంతో కొనాలంటే..? చేతిలో ఫోన్, ఖాతాలో కొంత డబ్బు ఉంటే చాలంటున్నాయి షేర్డ్ ఓనర్‌షిప్ యాప్‌లు. దుబాయ్‌లో 2,000 దిర్హమ్‌లకే అపార్ట్‌మెంట్‌లో వాటా అమ్ముతున్నారు. అదీ అక్కడి ప్రభుత్వ భూమి శాఖ చేపట్టిన ప్రాజెక్టు. అమెరికాలోని డెట్రాయిట్‌లో మాత్రం దాదాపు ఇలాంటి మోడలే కోర్టు మెట్లెక్కింది. మన దేశంలో సెబీ 2024లోనే రూల్స్ తెచ్చింది కానీ అవి మామూలు ఫ్లాట్ దాకా రావు.

ఈ గ్యాప్‌లోనే ఇప్పుడు కుర్రాళ్ల స్టార్టప్ ఐడియాలు పుడుతున్నాయి. అమీర్‌పేట్ గల్లీల్లో 'ఫుల్ స్టాక్' బోర్డు లేని బిల్డింగ్ దొరకడం కష్టం. ఆ కోర్సు చేసిన ముగ్గురు కలిసి కూర్చుంటే, ఇంట్లో వాటాలు చూపించే వెబ్ అప్లికేషన్‌ను కొన్ని వారాల్లో నిలబెట్టేయొచ్చు. ఏఐ టూల్స్ వచ్చాక అది ఇంకా తేలికైంది. మరి యాప్ కట్టడం ఇంత ఈజీ అయితే, అందులో డబ్బు పెట్టడం ఎందుకు ఇంత కష్టమైన నిర్ణయం? అసలు చిక్కు ఎక్కడుంది?

ఫుల్ స్టాక్ అంటే ఎక్కడిదాకా?

ఫుల్ స్టాక్ అంటే పైనుంచి కిందిదాకా మొత్తం అని అర్థం. పైన కనిపించే స్క్రీన్ ఫ్రంట్ ఎండ్. ఇంటి ఫొటోలు, వాటా ఎంత కావాలో జరుపుకునే బార్, 'కొనండి' అనే బటన్.. ఇదంతా అక్కడే ఉంటుంది. దాని వెనుక పని చేసేది బ్యాక్ ఎండ్. మీ పాన్ సరిచూడటం, పేమెంట్ వచ్చిందో లేదో చూడటం, నెలనెలా అద్దెను వాటాల ప్రకారం పంచడం దాని పని. అన్నింటికంటే అడుగున డేటాబేస్ ఉంటుంది. అందులో ఒక టేబుల్, మీ పేరు, పక్కన 12.5 శాతం అనే అంకె.

చాలామంది డెవలపర్లకు స్టాక్ ఇక్కడితో అయిపోతుంది. ఇంటి విషయంలో మాత్రం దీనికింద ఇంకో అంతస్తు ఉంది. అది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం 100 రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టర్డ్ దస్తావేజు ద్వారానే జరగాలి. అంటే యాప్ డేటాబేస్‌లో మీ పేరు పక్కన ఎంత శాతం ఉన్నా, ఇంటి మీద హక్కు దానివల్ల రాదు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ మీద చేసే అమ్మకాలతో కూడా యాజమాన్య హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చి చెప్పింది. స్టాంపు పేపరు మీద సంతకాలు, నోటరీ, సాక్షులు ఉన్న కాగితానికే ఆ గతి పట్టింది. ఇక సర్వర్‌లో ఉన్న ఒక వరుసకు కోర్టు ఏం విలువ ఇస్తుందో ఊహించుకోవచ్చు.

7.5 శాతం వర్సెస్ 150 రూపాయలు

అలాగైతే వాటా కొన్న అందరి పేర్లూ సేల్ డీడ్‌లో ఎక్కిస్తే సరిపోతుంది కదా? సరిపోతుంది. చట్టం అడ్డు చెప్పదు. కానీ ఖర్చు చూడండి.

తెలంగాణలో 2021 జులైలో పెంచిన రేట్ల ప్రకారం స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం. కోటి రూపాయల ఫ్లాట్‌లో పదో వంతు, అంటే 10 లక్షల వాటా మీరు కొన్నారనుకుందాం. రిజిస్ట్రేషన్ ఖర్చే 75 వేలు. ఏడాది తర్వాత డబ్బు అవసరమై ఇంకొకరికి అమ్మితే, కొనేవాళ్లు మళ్లీ ఇంకో 75 వేలు కట్టాలి. పైగా ఇద్దరూ ఆఫీసుకు వెళ్లాలి, ఫొటోలు, వేలిముద్రలు ఇవ్వాలి. 'ఒక్క క్లిక్‌తో అమ్ముకోండి' అనే బటన్‌కు ఇక్కడే ఊపిరి ఆగిపోతుంది.

అందుకే దాదాపు ప్రతి ప్లాట్‌ఫామ్ వేరే దారి పట్టింది. ఒక కంపెనీ పెడతారు. ఇల్లు ఆ కంపెనీ పేరు మీద రిజిస్టర్ అవుతుంది. మీకు అమ్మేది ఇంట్లో వాటా కాదు, ఆ కంపెనీలో షేర్లు. షేర్ల బదిలీ మీద స్టాంప్ డ్యూటీ 0.015 శాతం మాత్రమే. అదే 10 లక్షలకు 150 రూపాయలు. డెబ్బై ఐదు వేలెక్కడ, నూట యాభై ఎక్కడ!

అయితే ఈ తేడా ఊరికే రాలేదు. కంపెనీ దారిలో వెళ్తే ఇంటి యజమాని కంపెనీ అవుతుంది, మీరు కారు. ఆ కంపెనీ అప్పు చేస్తే ఇల్లు తాకట్టులోకి వెళ్లొచ్చు. డైరెక్టర్లు తీసుకునే నిర్ణయాన్ని చిన్న వాటాదారు ఆపలేడు. ప్రైవేట్ కంపెనీలో సభ్యులు 200 మందిని దాటకూడదు. ఏడాదిలో 200 మందికి మించి షేర్లు ఆఫర్ చేస్తే అది పబ్లిక్ ఇష్యూ కిందకి వస్తుంది, అప్పుడు సెబీ రూల్స్ అన్నీ వర్తిస్తాయి. జనం డబ్బు ఒకచోట పోగేసి, వాళ్ల చేతిలో రోజువారీ పెత్తనం లేకుండా నడిపి, లాభం పంచే ఏర్పాటు అయితే అది కలెక్టివ్ ఇన్వెస్ట్‌మెంట్ స్కీమ్ అనే ప్రశ్న కూడా వస్తుంది. 100 కోట్లు, ఆపైన పోగైతే అది ఆ స్కీమేనని సెబీ చట్టం నేరుగా అనుకుంటుంది.

కాబట్టి యాప్ 'అబౌట్' పేజీలో చూడాల్సింది ఫౌండర్ల ఫొటోలు కాదు. ఇంటి దస్తావేజులో ఎవరి పేరుంది, నా చేతికి వచ్చే కాగితం ఏంటి.. ఈ రెండు ప్రశ్నలకు అక్కడ జవాబు లేకపోతే మిగతా పేజీ చదవడం టైమ్ వేస్ట్.

దుబాయ్‌లో ఏం చేశారు?

దుబాయ్ ల్యాండ్ డిపార్ట్‌మెంట్ 2025 మేలో 'ప్రిప్కో మింట్' అనే ప్లాట్‌ఫామ్‌ను ప్రారంభించింది. అపార్ట్‌మెంట్‌ను డిజిటల్ టోకెన్లుగా విడగొట్టి, కనీసం 2,000 దిర్హమ్‌ల నుంచి అమ్మడం దీని పని. టోకెన్ల లెక్క ఎక్స్‌ఆర్‌పీ లెడ్జర్ అనే బ్లాక్‌చెయిన్ మీద ఉంటుంది. మొదట పెట్టిన ఆస్తిని 40కి పైగా దేశాలకు చెందిన 224 మంది కలిసి కొన్నారు. పైలట్ దశలో ఎమిరేట్స్ ఐడీ ఉన్నవాళ్లకే అవకాశం ఇచ్చారు. అంటే అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న మన కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల వాళ్లకు కూడా ఆ తలుపు తెరిచినట్టే.

బ్లాక్‌చెయిన్ అనగానే అందరి చూపూ దాని మీదే పడుతుంది. నిజానికి ఇక్కడ చెప్పుకోవాల్సిన సంగతి వేరు. టోకెన్ లెక్క ఆ ఊళ్లో భూమి రిజిస్టర్ రాసే శాఖ రికార్డులతో నేరుగా ముడిపడి ఉంది. టోకెన్ చేతులు మారితే ప్రభుత్వ రికార్డుకు తెలుస్తుంది. అడుగున ఉన్న అంతస్తు, మీదున్న అంతస్తు కలిసే ఉన్నాయి. బ్లాక్‌చెయిన్ లేకుండా మామూలు డేటాబేస్‌తో ఇదే పని చేసినా ఫలితం పెద్దగా మారేది కాదు. భూమి శాఖ లేకుండా బ్లాక్‌చెయిన్ ఒక్కటే ఉంటే ఏమవుతుందో చూడాలంటే డెట్రాయిట్ వెళ్లాలి.

డెట్రాయిట్‌లో ఏం జరిగింది?

'రియల్‌టీ' అనే సంస్థ డెట్రాయిట్‌లో పాత ఇళ్లను కొని, ఒక్కో ఇంటిని ఒక్కో కంపెనీ పేరు మీద పెట్టి, ఆ కంపెనీల వాటాలను టోకెన్లుగా ప్రపంచమంతా అమ్మింది. ఒక్కో టోకెన్ ధర సుమారు 50 డాలర్లు. అద్దె డబ్బు నేరుగా డిజిటల్ వాలెట్‌లోకి వచ్చి పడుతుందన్నది ఆకర్షణ. కొన్నవాళ్లలో చాలామంది ఆ ఊరిని ఎప్పుడూ చూడనివాళ్లే.

2025 జులైలో డెట్రాయిట్ నగర పాలన ఈ సంస్థ మీద, దాని వ్యవస్థాపకుల మీద, అనుబంధ కంపెనీల మీద కోర్టుకెళ్లింది. 400కు పైగా ఇళ్లలో ఆరోగ్య, భద్రతా నిబంధనలు పాటించలేదని, ఇళ్లు పాడుబడిపోయాయని నగరం ఆరోపణ. జరిమానాలు కట్టలేదని కూడా చెప్పింది. ఈ తరహా కేసుల్లో తమ చరిత్రలోనే ఇది పెద్దదని నగర అధికారులు ప్రకటించారు.

ఒక్కసారి ఆలోచించండి. పైకప్పు కారుతోంది. అద్దెకు ఉంటున్న మనిషి ఎవరికి ఫోన్ చేయాలి? ఇంటి ఓనర్లు వందల మంది. ఒకరు ఫ్రాన్స్‌లో, ఇంకొకరు సింగపూర్‌లో. వాళ్లెవరికీ ప్లంబర్ నంబర్ తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదన్నారు. మధ్యలో ఉన్న సంస్థ మేనేజర్‌ను పెట్టాలి, మేనేజర్ మనిషిని పంపాలి. ఆ గొలుసులో ఒక్క లింకు తెగినా కోడ్ మాత్రం యథాప్రకారం నడుస్తూనే ఉంటుంది. టోకెన్ ఎవరి దగ్గరుందో కచ్చితంగా చెప్తుంది. కప్పు కారుతోందని మాత్రం దానికి తెలియదు. మన దగ్గర ఇలాంటి యాప్ గురించి మాట్లాడేటప్పుడు అందరూ కొనేవాడి వైపు నుంచే చూస్తారు. ఆ ఇంట్లో అద్దెకుండేవాళ్ల సంగతి ఎవరూ అడగరు.

అమెరికాలోనే 'పకాసో' అనే ఇంకో సంస్థ ఉంది. హాలిడే ఇళ్లను ఎనిమిది వాటాలు చేసి అమ్ముతుంది. వాటాదారులే వంతులవారీగా వచ్చి ఉంటారు. కాలిఫోర్నియాలోని సెయింట్ హెలీనా పట్టణం ఇది టైమ్‌షేర్ లాంటిదేనని అభ్యంతరం పెట్టింది. 2021లో వ్యవహారం కోర్టుకెళ్లింది. వారం వారం కొత్త ముఖాలు వస్తుంటే పక్కింటివాళ్లు ఊరుకోరు మరి. మన గేటెడ్ కమ్యూనిటీల అసోసియేషన్లు అయితే మొదటి వారమే గేటు దగ్గర ఆపేస్తాయి.

మన సెబీ ఏం చెప్పింది?

మన దేశంలో ఆఫీసు బిల్డింగుల్లో వాటాలు అమ్మే ప్లాట్‌ఫామ్‌లు పెరగడంతో సెబీ 2023 మేలో కన్సల్టేషన్ పేపర్ విడుదల చేసింది. 2024 మార్చిలో రీట్ నిబంధనలు సవరించి 'స్మాల్ అండ్ మీడియం రీట్' అనే కొత్త కేటగిరీ తెచ్చింది. రూల్స్ గట్టిగానే ఉన్నాయి. ఆస్తి విలువ కనీసం 50 కోట్లు, కనీసం 200 మంది ఇన్వెస్టర్లు, ఒక్కొక్కరు పెట్టాల్సింది కనీసం 10 లక్షలు. డబ్బులో 95 శాతం కట్టడం పూర్తయి అద్దె వస్తున్న ఆస్తుల్లోనే పెట్టాలి. నడిపే సంస్థకు కనీసం 20 కోట్ల నెట్‌వర్త్ ఉండాలి. యూనిట్లు స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో లిస్ట్ కావాలి.

ఈ దారిలో మొదట వచ్చింది ప్రాప్‌షేర్ ప్లాటినా. బెంగళూరులోని ఒక ఆఫీసు బిల్డింగ్ కోసం 2024 డిసెంబర్‌లో 353 కోట్ల ఇష్యూకి వచ్చింది.

బాగానే ఉంది. కానీ 50 కోట్ల గీత గీశాక కూకట్‌పల్లిలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, విజయవాడలో ఇండిపెండెంట్ ఇల్లు ఆ గీతకు ఎప్పటికీ అందవు. పది లక్షలు ఒక్క చోట పెట్టగలిగే వాళ్లకు, ఆఫీసు అద్దె మీద ఆదాయం కోరుకునేవాళ్లకు ఇది పనికొస్తుంది. 'సొంతిల్లు కొనలేకపోతున్నాం, నలుగురం కలిసి కొందాం' అనుకునే ఇంటికి దీనితో సంబంధం లేదు. సెబీని తప్పుపట్టడానికి ఏమీ లేదు, దాని పని పెట్టుబడిదారుణ్ని కాపాడటం. ఉండటానికి ఇల్లు చూపించడం దాని పరిధిలో లేని విషయం.

రిజిస్టర్ అయినా గండం తప్పలేదు!

రిజిస్ట్రేషన్ ఒక్కటి ఉంటే చాలా అంటే, హైదరాబాద్ అనుభవం అలా చెప్పడం లేదు. ఇక్కడ వాటాల వ్యాపారం యాప్‌ల కంటే ముందే వచ్చింది. పేరు యూడీఎస్, అంటే అవిభాజ్య భూమి వాటా.

నిజానికి యూడీఎస్ తప్పుడు మాటేం కాదు. అపార్ట్‌మెంట్‌లో ప్రతి ఫ్లాట్‌కూ కింద నేలలో కొన్ని గజాల వాటా ఉంటుంది. ఫ్లాట్‌తో పాటు అదీ రిజిస్టర్ అవుతుంది. తేడా ఎక్కడొచ్చిందంటే, పర్మిషన్లు రాకముందే, ఒక్క పిల్లర్ కూడా లేవకముందే, ఖాళీ స్థలంలో తలా కొన్ని గజాలు వందల మందికి అమ్మేశారు. ముందే కడితే చదరపు అడుగు సగం ధరకే అన్నారు. ప్రీ లాంచ్ ఆఫర్ పేరుతో డబ్బు మొత్తం ఒకేసారి తీసుకున్నారు.

అమీన్‌పూర్‌లో సాహితీ ఇన్‌ఫ్రా ప్రాజెక్టు కేసు అందరికీ గుర్తుండే ఉంటుంది. ప్రీ లాంచ్ పేరుతో కొనుగోలుదారుల దగ్గర డబ్బు వసూలు చేసి ఫ్లాట్లు ఇవ్వలేదన్న ఫిర్యాదులపై పోలీసు కేసులు నమోదయ్యాయి. వాటి ఆధారంగా ఈడీ రంగంలోకి దిగి 2024 సెప్టెంబర్‌లో సంస్థ ఎండీని అరెస్ట్ చేసింది.

బిల్డింగ్ రాకపోతే యూడీఎస్ కాగితం ఉన్నవాళ్ల పరిస్థితి ఏంటి? ఒకే స్థలంలో వందల మంది సహ యజమానులు. ఏ గజం ఎవరిదో తెలియదు. కంచె వేసుకోలేరు, కట్టుకోలేరు, కొనేవాడు దొరకడు. కాగితం ఉండీ ఇల్లు లేదు. 2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లకు మించిన స్థలం లేదా ఎనిమిది ఫ్లాట్లకు మించిన ప్రాజెక్టును రిజిస్టర్ చేయకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. వసూలైన డబ్బులో 70 శాతం వేరే ఖాతాలో ఉంచాలి. ఈ మూడింటినీ పక్కన పెట్టి బ్రోచర్ చూసి డబ్బు కట్టినవాళ్లే ఎక్కువగా నష్టపోయారు. ఇప్పుడు బ్రోచర్ స్థానంలో యాప్ వస్తోంది, అంతే.

అన్నదమ్ములు కలిసి కొంటే..?

ఇంతదాకా చెప్పిందంతా పెట్టుబడి కథ. మన ఇళ్లలో నిజంగా జరిగే వాటాల కథ వేరే ఉంది. తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు. అన్న హైదరాబాద్‌లో ఉంటాడు. "నువ్వు డబ్బు పంపించరా, నేనిక్కడ నా పేరు మీద రిజిస్ట్రేషన్ చేయించేస్తా. నువ్వొచ్చినప్పుడు చూసుకుందాం" అంటాడు అన్న. "సరే అన్నయ్యా" అంటాడు తమ్ముడు. నమ్మకం మీద లక్షలు వెళ్లిపోతాయి.

ఇక్కడ బినామీ చట్టం ఉందన్న సంగతి చాలామందికి తట్టదు. డబ్బు ఒకరిది, పేరు ఇంకొకరిది అయితే అది బినామీ లావాదేవీ. 2016 సవరణ తర్వాత దీనికి జైలు శిక్ష ఉంది, ఆస్తి జప్తు ఉంది. భార్య, భర్త, పిల్లల పేరు మీద తెలిసిన ఆదాయంతో కొంటే మినహాయింపు దొరుకుతుంది. తోబుట్టువుల విషయంలో మినహాయింపు కావాలంటే మాత్రం పత్రంలో ఇద్దరి పేర్లూ ఉమ్మడి యజమానులుగా ఉండాలి. అన్న పేరు ఒక్కటే ఉంటే తమ్ముడికి ఆ రక్షణ లేదు. రేపు మనస్పర్థలు వచ్చి 'ఇల్లు నాది, డబ్బు నాది' అని కోర్టుకెళ్తే, ఆ వాదనే బినామీ అని ఒప్పుకున్నట్టు అవుతుంది.

ఇప్పుడు దీన్ని యాప్‌తో కలిపి చూడండి. వాటాల లెక్క కోసం ఒక యాప్ కట్టారు. 'తమ్ముడు పంపింది 60 లక్షలు, అన్న పెట్టింది 40 లక్షలు' అని అందులో తేదీలతో సహా ఉంది. దస్తావేజులో అన్న పేరు మాత్రమే ఉంది. ఆ యాప్ రికార్డు తమ్ముణ్ని కాపాడదు సరికదా, ఇద్దరి మెడకూ చుట్టుకుంటుంది. కాబట్టి ఇలాంటి యాప్ తయారు చేసేవాళ్లు మొదటి స్క్రీన్‌లోనే అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. దస్తావేజులో ఎవరెవరి పేర్లున్నాయి? ఆ పేర్లకు, డబ్బు పెడుతున్న పేర్లకు తేడా ఉంటే యాప్ ముందుకు వెళ్లనివ్వకూడదు. డల్లాస్ తమ్ముడు వ్యవసాయ భూమిలోనో, ఫామ్‌హౌస్‌లోనో వాటా కొంటానంటే అక్కడే ఆపాలి కూడా. ఎన్నారైలు వాటిని కొనడానికి ఫెమా రూల్స్ ఒప్పుకోవు.

ఆ లెక్కే కోర్టులో సాక్ష్యం

ఇద్దరి పేర్లూ దస్తావేజులో ఉంటే మాత్రం కథ పూర్తిగా మారిపోతుంది. ఇక్కడే యాప్‌కు నిజమైన విలువ కనిపిస్తుంది.

ఆస్తి బదిలీ చట్టంలో ఒక సెక్షన్ ఉంది, 45. ఇద్దరు ముగ్గురు తలా కొంత డబ్బు పెట్టి ఆస్తి కొని, వాటాలు ఎంతెంతో రాసుకోకపోతే, ఎవరు ఎంత పెట్టారో ఆ నిష్పత్తిలో వాటాలు వస్తాయి. ఎవరెంత పెట్టారో చూపించే సాక్ష్యం లేకపోతే..? అందరివీ సమాన వాటాలని అనుకుంటారు. 70 లక్షలు పెట్టిన అక్కకు, 30 లక్షలు పెట్టిన చెల్లికి చెరి సగం అన్నమాట. పద్దు రాసుకోకపోతే అక్కకు 20 లక్షలు పోయినట్టే.

అంటే ఎవరు ఎప్పుడు ఎంత కట్టారో చెప్పే నమ్మకమైన లెక్క ఉంటే, అది రేపు సాక్ష్యం అవుతుంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును సర్టిఫికెట్‌తో పాటు కోర్టులో పెట్టొచ్చు. ఆ సర్టిఫికెట్‌లో రికార్డు హ్యాష్ విలువ కూడా రాయాలి. హ్యాష్ అంటే ఫైల్‌కు వేలిముద్ర లాంటిది. ఒక్క అక్షరం మారినా అది మారిపోతుంది. మొదటి నుంచీ ఈ పని చేసి పెట్టుకున్న యాప్ దగ్గర రికార్డు బలంగా ఉంటుంది. వాట్సాప్ గ్రూపులో స్క్రీన్‌షాట్లు ఏరుకోవాల్సిన గతి పట్టదు. అన్నట్టు, దస్తావేజులోనే వాటాలు స్పష్టంగా రాయించుకుంటే ఈ తంటా చాలావరకు తప్పుతుంది. డాక్యుమెంట్ రైటర్‌కు ఒక్క లైను ఎక్కువ, అంతే.

పాత కిరాణా కొట్టు ఖాతా పుస్తకం చూసినవాళ్లకు తెలుసు. తప్పు పడితే పద్దు చెరిపేయరు, కింద ఎదురు పద్దు రాస్తారు. యాప్ డేటాబేస్ కూడా అలాగే ఉండాలి. అడ్మిన్ లోపలికెళ్లి అంకె మార్చేసే వీలుంటే ఆ లెక్కను ఎవరూ నమ్మరు. డబ్బును దశాంశాల్లో కాకుండా పైసల్లో పూర్ణాంకంగా దాచాలి. 25,000 అద్దెను ముగ్గురికి పంచితే తలా 8,333 రూపాయల 33 పైసలు పోగా ఒక పైసా మిగులుతుంది. ఆ పైసా ఎటు వెళ్లాలో ముందే నిర్ణయించకపోతే నాలుగేళ్ల తర్వాత లెక్క కుదరదు. అలాగే పేమెంట్ గేట్‌వే ఒకే చెల్లింపు సమాచారాన్ని రెండుసార్లు పంపడం మామూలే. రెండోది వచ్చినప్పుడు యాప్ గుర్తుపట్టకపోతే ఒక్కసారి కట్టిన ఈఎంఐ రెండుసార్లు కట్టినట్టు చూపిస్తుంది. అన్నదమ్ముల మధ్య గొడవకు అంతకంటే ఏం కావాలి!

పాన్, ఆధార్ కాపీలు అనవసరంగా దాచుకోవడం కూడా ఇక కుదరదు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం నిబంధనలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి. వేర్వేరు నిబంధనలు దశలవారీగా అమల్లోకి వస్తాయి.

ఒకరు ఈఎంఐ ఆపేస్తే?

నలుగురు కలిసి కొనేటప్పుడు ఎవరూ మాట్లాడని విషయం ఇది. హోమ్ లోన్‌లో సహ యజమానులను సహ రుణగ్రహీతలుగా పెట్టమని బ్యాంకులు అడుగుతాయి. రక్త సంబంధం లేని స్నేహితులు కలిసి వస్తే చాలా బ్యాంకులు వెనకాడతాయి. లోన్ వచ్చాక 'నా వాటా ఈఎంఐ నేను కట్టేశా' అంటే బ్యాంకు వినదు. మొత్తం బాకీకి అందరూ బాధ్యులే. ఒకరి ఉద్యోగం పోయి కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలి, లేదంటే అందరి సిబిల్ స్కోరూ పడిపోతుంది.

అప్పుడు మిగతావాళ్లు కట్టిన డబ్బు ఏమవుతుంది? అది కట్టలేనివాడికి ఇచ్చిన అప్పా, లేక వాళ్ల వాటా పెరిగినట్టా? అప్పయితే వడ్డీ ఉందా? వాటా పెరిగితే దస్తావేజు మార్చాలా, ఆ స్టాంప్ డ్యూటీ ఎవరు కట్టాలి? ఈ ప్రశ్నలకు కొనేముందే రాతపూర్వకంగా జవాబు ఉండాలి. యాప్ చేయగల అసలైన మేలు ఇక్కడే ఉంది. మొహమాటంతో మనుషులు ఒకరినొకరు అడగలేని ప్రశ్నను ఫారంలో ఒక గడి అడిగేస్తుంది. 'మీలో ఒకరు మూడు నెలలు కట్టకపోతే ఏం చేస్తారు?' జవాబు నింపకుండా ముందుకు కదలదు. స్క్రీన్ డిజైన్ గురించి ఎంత మాట్లాడినా, ఈ ఒక్క గడి లేని షేర్డ్ ఓనర్‌షిప్ యాప్ సగం యాప్ కిందే లెక్క.

ఇలాంటిదే ఇంకో గడి, నామినీ. నామినీ పేరు రాసేస్తే ఇల్లు వాళ్లకే వెళ్తుందనుకుంటారు. నామినీ సాధారణంగా వారసుల తరఫున ఆస్తిని చేతిలో ఉంచుకునే మనిషే. వాటా వెళ్లేది వీలునామా ప్రకారం, అది లేకపోతే వారసత్వ చట్టం ప్రకారం. యాప్‌లో నామినీ అని ఉన్న తమ్ముడికి, అన్న భార్యాపిల్లలకు మధ్య గొడవ రావడానికి ఇది చాలు.

బయటికి వెళ్లే దారి

వాటా ఉన్న ఎవరైనా భాగం పంచమని కోర్టును అడగొచ్చు. పొలమైతే గట్టు వేసి పంచుతారు. ఫ్లాట్‌ను ఎలా కోస్తారు? అందుకే 1893 నాటి పార్టిషన్ చట్టం ఒక ఏర్పాటు చేసింది. పంచడం కుదరని ఆస్తి అయితే, సగం, ఆపైన వాటా ఉన్నవాళ్లు అడిగితే కోర్టు దాన్ని అమ్మించి డబ్బు పంచొచ్చు. మిగతావాళ్లకు ఆ వాటాను విలువ కట్టించి కొనుక్కునే అవకాశం ఉంటుంది.

ఉమ్మడి కుటుంబం ఉంటున్న ఇంట్లో ఒకరి వాటాను బయటివాడు కొంటే ఇంకో మెలిక ఉంది. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 44 ప్రకారం ఆ కొన్నవాడు వచ్చి ఆ ఇంట్లో కలిసి ఉంటానంటే కుదరదు. అతను పార్టిషన్ దావా వేస్తే, కుటుంబ సభ్యులు అతని వాటాను కొనేసుకునే హక్కు పార్టిషన్ చట్టం ఇస్తుంది. నాన్నగారి ఇంట్లో నా వాటా యాప్‌లో పెట్టి అమ్మేస్తా అనుకునే కొడుకులూ, చవగ్గా వస్తోందని కొనేవాళ్లూ ఈ సంగతి తెలుసుకుని దిగాలి. కొన్నవాడి చేతికి తాళం రాదు, దావా వస్తుంది.

దావా అంటే మన దగ్గర ఏళ్లు. కాబట్టి అమ్మదలిస్తే ముందు మిగతా వాటాదారులకే చెప్పాలి, ధర ఎవరు కట్టాలి, ఎన్ని రోజుల్లో జవాబివ్వాలి, వాళ్లు వద్దంటే ఏంటి అనే నాలుగు విషయాలు అగ్రిమెంట్‌లో ఉండాలి. యాప్‌లో 'అమ్మండి' బటన్ నొక్కితే ఆ గడియారం మొదలవ్వాలి, నోటీసు అందరికీ వెళ్లాలి. చివరి అడుగు మాత్రం ఫోన్‌లో పూర్తికాదు. స్లాట్ బుక్ చేసుకుని, పాస్ పోర్టు సైజు ఫొటోలు, ఆధార్, ఇద్దరు సాక్షులతో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి, ఆ తర్వాత కొన్ని రోజులకు ఈసీ తీసి అందులో కొత్త పేరు ఎక్కిందో లేదో చూసుకోవాలి.